రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన: అంత నీళ్లలో స్తంభాలు ఎలా నిలబెట్టారు?

మీ ప్రశ్నలో నాలుగైదు సంగతులున్నాయి. అప్పటికే గోదావరి మీద రైలు వంతెన ఉండగా రాజమండ్రి, కొవ్వూరు మధ్య ఇంకొకటి ఎందుకు కట్టారు? రోడ్డు పైకి, రైలు కిందికి ఎందుకు వెళ్లాయి? రాజమండ్రి వైపు ఆ వంపు ఏమిటి? అన్నిటికంటే ముఖ్యంగా, అంత నీళ్లలో స్తంభాలు ఎలా లేపారు? చివర్లో ఇది ఇంకెన్నాళ్లు ఉంటుందని కూడా అడిగారు. మీకు ముందే ఒకాయన "ఆ రోజుల్లో నదిని పక్కకు మళ్లించి కట్టారు" అని జవాబిచ్చారు. అది కుదిరే పని కాదు. అక్కడ గోదావరి వెడల్పు రెండున్నర కిలోమీటర్ల పైనే. దాన్ని మళ్లించాలంటే ఎటు మళ్లిస్తారు, ఊళ్ల మీదికా?

నేను ఉద్యోగమంతా వంతెనల పునాదుల దగ్గరే చేశాను. ఈ వంతెన కట్టేటప్పటికి ఇంకా చదువుకుంటున్నాను కాబట్టి ఆ పని కళ్లారా చూశానని చెప్పను. అయితే ఇదే పద్ధతిలో ఇసుక నదుల మీద కట్టిన వంతెనల దగ్గర పనిచేశాను. మీరు సివిల్ డిప్లొమా చదువుతున్నానన్నారు కాబట్టి కొన్ని లెక్కలు కూడా పెడతాను.

ముందు చరిత్ర. మద్రాసు, హౌరా రైలు మార్గం ఈ ప్రాంతంలో 1890ల్లో ముక్కలు ముక్కలుగా తెరుచుకుంది. బెజవాడ వైపు నుంచి వచ్చినవాళ్లు కొవ్వూరులో దిగి, నది దాటి, రాజమండ్రిలో మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. ఆ బాధ తీర్చింది హేవలాక్ వంతెన. 1897 నవంబరులో పని మొదలైంది, 1900 ఆగస్టులో రైలు నడిచింది. మొత్తం 56 స్పాన్‌లు, ఒక్కొక్కటి 150 అడుగులు. స్పాన్ అంటే రెండు స్తంభాల మధ్య దూరం. కట్టించిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన, అంటే ఇప్పటి మాలవీయ వంతెన, కట్టించింది కూడా ఆయనే. వంతెనకు పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హేవలాక్‌ది పెట్టారు, ఇలాంటివి ఇప్పటికీ అంతే కదా. మూడేళ్ల లోపు గోదావరి మీద అంత పని పూర్తయిందంటే, ఈ కాలపు టెండర్లూ పొడిగింపులూ చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

హేవలాక్ వంతెన మీద ఉన్నది ఒక్క లైనే. 1960ల్లో మద్రాసు, హౌరా మార్గాన్ని డబ్లింగ్ చేయడం మొదలుపెట్టేసరికి గోదావరి దగ్గర చిక్కొచ్చింది. రెండు వైపులా రెండేసి లైన్లు వేసినా నది మీద ఒక్కటే ఉంటే, ఎదురొచ్చే రైలు దాటేదాకా రెండోది ఒడ్డున ఆగాలి. అందుకని రైల్వేకి ఇంకో లైను, దానికో వంతెన కావాల్సి వచ్చింది. రోడ్డు సంగతి ఇంకా ఘోరం. రాజమండ్రి దగ్గర రోడ్డు వంతెనే లేదు. మనుషులు లాంచీల్లో, బళ్లూ లారీలూ పంటు, అంటే చదునైన పెద్ద పడవ, మీద దాటాలి. వరదొస్తే రేవు బంద్. రైల్వే ఎలాగూ నదిలో పునాదులు దించుతోంది, అవే పునాదుల మీద రోడ్డు కూడా వేస్తే రాష్ట్రానికి వేరే వంతెన ఖర్చు తప్పుతుంది. ఆ ఆలోచన నుంచే ఇది రోడ్డు కం రైలు వంతెన అయింది. 1974లో అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు.

అలా కట్టడం అప్పటికి కొత్తేమీ కాదు. బీహార్‌లో మొకామా దగ్గర గంగ మీద రాజేంద్ర సేతు 1959లో, గువాహటి దగ్గర బ్రహ్మపుత్ర మీద సరాయిఘాట్ వంతెన 1962లో ఇలాగే పైన రోడ్డు, కింద రైలుతో వచ్చాయి. మన వంతెన ఆ వరసలోది. పొడవులో "ఆసియాలోనే రెండోది, మూడోది" అని వాట్సాప్‌లో తిరిగే మాటను మాత్రం వదిలేయండి. 2018లో తెరిచిన అస్సాంలోని బోగీబీల్ వంతెన ఒక్కటే దాదాపు ఐదు కిలోమీటర్లుంది. పాత పుస్తకాల్లో రాసింది అప్పటికి నిజమేమో, ఇప్పుడు కాదు.

ఇక పైనా కిందా సంగతి. చాలామంది "రైలు బరువు ఎక్కువ కాబట్టి కింద పెట్టారు" అంటారు. అది కొంతవరకే నిజం. అసలు కారణం ఎత్తు ఎక్కాల్సిన వాలు. లారీ 30 మీటర్ల దూరంలో ఒక మీటరు ఎత్తు ఎక్కగలదు. గూడ్సు రైలుకు అలా కుదరదు, 200 మీటర్లకు ఒక మీటరు ఎక్కడమే గగనం. పై డెక్కు, అంటే రోడ్డు అంతస్తు, కింది డెక్కు కంటే ఎనిమిది మీటర్లు ఎత్తులో ఉందనుకోండి. పట్టాల మీద రైలు పోవడానికి ఆరు మీటర్ల ఖాళీ కావాలి, పైన డెక్కు మందం ఉంటుంది కాబట్టి అంత తేడా తప్పదు. ఆ ఎనిమిది మీటర్లు ఎక్కడానికి రోడ్డుకు 240 మీటర్లు చాలు. రైలును పైకి ఎక్కించాలంటే ఒక్కో ఒడ్డున అదనంగా 1,600 మీటర్ల గట్టు పోయాలి. రాజమండ్రి లాంటి ఊళ్లో అంత చోటు ఎక్కడిది?

రెంటినీ ఒకే ఎత్తులో పక్కపక్కన వేయొచ్చు కదా అంటారా? వేయొచ్చు, కానీ పునాదీ స్తంభమూ రెండూ వెడల్పు చేయాలి. పైగా రైలు ఒక పక్కనే పరిగెడితే బరువంతా పక్కకు పడి స్తంభాన్ని ఒకవైపు వంచాలని చూస్తుంది. ఒకదాని మీద ఒకటి పెడితే రెండు బరువులూ స్తంభం నడిమధ్యనే దిగుతాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ వంతెనలోని 91.5 మీటర్ల స్పాన్‌కు ట్రస్సు, అంటే ఉక్కు కమ్మీలను త్రికోణాలుగా కలిపి చేసిన చట్రం, ఎలాగూ బాగా ఎత్తుగా ఉండాలి. ఆ ఎత్తు లోపల రైలు పోతుంది, నెత్తి మీద రోడ్డు పోతుంది. అంటే ట్రస్సు ఎత్తు వృథా కాలేదన్నమాట.

మొత్తం స్పాన్‌లు 34. వాటిలో 27 ఒక్కొక్కటి 91.5 మీటర్లు, మిగతా 7 ఒక్కొక్కటి 45.72 మీటర్లు. కూడితే రెండు ముప్పావు కిలోమీటర్ల పైచిలుకు. చిన్న స్పాన్‌లలో ఆరు రాజమండ్రి వైపు 6 డిగ్రీల వంపు మీద ఉన్నాయి. నది దాటగానే ఊరు అడ్డం. ఇళ్లను తప్పించుకుని స్టేషన్ వైపు తిరగాలంటే వంతెన మీదే తిరగడం మొదలుపెట్టాలి.

వంపు మీద చిన్న స్పాన్‌లే ఎందుకు? ఇది నాకు ఇష్టమైన లెక్క, పరీక్షలో అడగరు గానీ అడగాల్సిందే. మన రైల్వేలో వంపు వ్యాసార్ధం కావాలంటే 1750ని డిగ్రీలతో భాగిస్తే చాలు. 6 డిగ్రీలకు సుమారు 292 మీటర్లు వస్తుంది. ట్రస్సు వంగదు, తిన్నగానే ఉంటుంది. పట్టాలు దాని లోపల వంపు తిరగాలి. అప్పుడు స్పాన్ మధ్యలో పట్టాలు తిన్నని గీత నుంచి ఎంత పక్కకు జరుగుతాయో తెలుసుకోవాలంటే స్పాన్ వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. 45.72 మీటర్ల స్పాన్‌కు దాదాపు 90 సెంటీమీటర్లు. పరవాలేదు, ట్రస్సును కాస్త వెడల్పు చేసి సర్దుకోవచ్చు. అదే 91.5 మీటర్లకు వేసి చూడండి, మూడున్నర మీటర్లు దాటుతుంది. రైలు ట్రస్సు పక్క కమ్మీలను రాసుకోకుండా పోవాలంటే ట్రస్సు వెడల్పు రెట్టింపు అవుతుంది. స్పాన్ సగం చేస్తే ఈ జరుగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకని నది మీద పెద్దవి, వంపు మీద చిన్నవి.

ఇప్పుడు నీళ్లలో స్తంభాల సంగతి. దీనికి కొంచెం ఓపిక పట్టాలి.

గోదావరి అడుగున అక్కడ ఉన్నది ఇసుక, మధ్యమధ్య బంకమన్ను. రాయి దొరికేదాకా తవ్వే ప్రశ్న లేదు. ఇలాంటి నదుల్లో మన దేశంలో వేసే పునాది బావి. ఊళ్లో ఒరల బావి తవ్వేవాళ్లను చూసుంటే సగం అర్థమైనట్టే. ముందు నేల మీద ఒర పెడతారు, లోపల మట్టి తీస్తారు, ఒర తన బరువుకే కిందికి దిగుతుంది, దాని మీద ఇంకో ఒర పెడతారు. నదిలో చేసేదీ అదే. కాకపోతే ఇక్కడ ఒర వ్యాసం అనేక మీటర్లు, గోడ మందం మనిషి చాచిన చెయ్యంత లేదా అంతకంటే ఎక్కువ. తాజ్‌మహల్‌కు యమున వైపు పునాది కూడా ఇలాంటి బావులే. పొడవైన రైలు వంతెనలు కట్టడానికి వచ్చిన బ్రిటిష్ ఇంజనీర్లు ఇక్కడి బావి పద్ధతినే పట్టుకుని పెద్దది చేశారు.

నీళ్లలో ఒర పెట్టడం ఎలా? నీరు లోతు తక్కువున్న చోట చుట్టూ బాదులు, రేకులు దిగ్గొట్టి మధ్యలో ఇసుక పోసి చిన్న లంక తయారు చేస్తారు. దాని మీద పొడి నేలలాగే పని మొదలవుతుంది. ఐదారు మీటర్ల కంటే లోతుంటే లంక నిలవదు, ఒరవడికి కొట్టుకుపోతుంది. అప్పుడు ఒడ్డున ఉక్కు రేకులతో బోలు గోడల కైసన్ తయారు చేసి, పడవలాగా తేల్చి, స్తంభం రావాల్సిన చోటికి లాగి, నాలుగు వైపులా లంగర్లు వేస్తారు. గోడల మధ్య కాంక్రీటు పోసే కొద్దీ అది మునిగి అడుగు ఇసుక మీద కూర్చుంటుంది. రాజమండ్రి దగ్గర ఈ గొడవ ఎక్కువ. కారణం కొద్ది కిలోమీటర్ల కింద ధవళేశ్వరం. కాటన్ ఆనకట్ట 1852 కల్లా పూర్తయింది, దాని వెనక నీళ్లు నిలబడతాయి కాబట్టి వేరే నదుల్లాగా ఎండాకాలంలో ఇసుక తిన్నెలు తేలి పొడిగా దొరికే చోట్లు ఇక్కడ తక్కువ. వ్యవసాయానికి వరమైన నీళ్లే పునాది వేసేవాడికి తలనొప్పి.

ఒర కింది అంచున ఉక్కుతో చేసిన కత్తి అంచు ఉంటుంది, సైట్లో కట్టింగ్ ఎడ్జ్ అంటాం. దాని పైన కర్బ్, అంటే గోడ మొదలయ్యే అడుగు భాగం, ఆ పైన గోడ, అంటే స్టైనింగ్. క్రేనుకు వేలాడదీసిన గ్రాబ్, అంటే ఇనుప పంజా, బావిలోకి దిగి, నోరు తెరిచి, గుప్పెడు ఇసుక పట్టుకుని పైకొస్తుంది. గుప్పెడంటే టన్ను పైనే లెండి. నడుమ గుంట పడగానే అంచు కింది ఇసుక గుంటలోకి జారుతుంది, బావి కొంచెం దిగుతుంది. గోడ పైకి ఇంకో లిఫ్టు, అంటే ఇంకో విడత, కాంక్రీటు పోసి, ఆరనిచ్చి, మళ్లీ గ్రాబ్. కొన్నిసార్లు ఎంత తవ్వినా కదలదు. గోడ చుట్టూ ఇసుక రాపిడి బరువుకు సమానమై పట్టేసుకుంటుంది. అప్పుడు పైన ఇసుక బస్తాలో ఇనుప దిమ్మలో పేర్చి బరువు పెంచుతారు, లేదా గోడ పక్కన నీటి జెట్ కొట్టి ఇసుక వదులు చేస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: బావిలో నీళ్లు తోడేస్తారని. తోడరు. తోడకూడదు. బావి లోపల నీటి మట్టం బయట నది మట్టం కంటే తగ్గిందంటే, బయటి నీరు ఇసుకను వెంటేసుకుని అడుగు నుంచి లోపలికి ఎగదన్నుకొస్తుంది. దీన్ని శాండ్ బ్లో అంటాం. అంత ఇసుక ఒక్కసారిగా ఒక పక్క నుంచి వచ్చేస్తే బావి ఆ పక్కకు ఒరుగుతుంది, ఒక్కోసారి ఒక్క దూకుడులో మీటర్లకొద్దీ దిగిపోతుంది. పైన నిలబడ్డవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అందుకే తవ్వకమంతా నీళ్ల కిందే, కంటికి కనపడకుండానే జరుగుతుంది. దారిలో పాత చెట్టు మొద్దో రాయో అడ్డం పడితే డైవర్లు దిగి చూస్తారు, వాళ్లవల్ల కాకపోతే గాలి పీడనంతో నీళ్లను కిందికి నెట్టి మనుషులు లోపల పనిచేసే పద్ధతి ఉంది. అది ప్రాణాపాయమున్న పని, తప్పనిసరైతేనే చేస్తారు.

బావి తిన్నగా దిగడం మరో సమస్య. ఇప్పటి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం ఒరుగుడు 80కి 1 దాటకూడదు, పక్కకు జరగడం 150 మిల్లీమీటర్లు మించకూడదు. 30 మీటర్ల బావికి 80కి 1 అంటే పైకీ కిందికీ 37 సెంటీమీటర్ల తేడా. వినడానికి చాలా అనిపిస్తుంది కానీ నీళ్ల కింద, కనపడని ఇసుకలో, వేల టన్నుల బరువును ఆ హద్దులో దించడం చిన్న పని కాదు. ఒరిగిన వైపు తవ్వడం ఆపి, లేచిన వైపు గ్రాబ్ వేయడం, లేచిన వైపు బరువు పెట్టడం, ఉక్కు తాళ్లతో లాగడం, ఇవీ ఉపాయాలు. మొదటి కొద్ది మీటర్లలోనే సరిచేయాలి. లోతుకు పోయాక బావి మొండికేస్తుంది. అందుకే నా దృష్టిలో బావుల సైట్‌లో ఇంజనీరు తర్వాత ముఖ్యమైన మనిషి గ్రాబ్ ఆపరేటర్. తాడు వదులైన తీరు చూసి అడుగున ఇసుకా బంకమన్నా చెప్పేవాళ్లను చూశాను. జీతాల పట్టీలో మాత్రం వాళ్ల పేరు ఎక్కడో అడుగున ఉండేది.

ఎంత లోతు దించాలి? బరువు మోయడానికి అంత లోతు అక్కర్లేదు. కోత కోసం కావాలి. వరదలో నది నీళ్లు పెరగడమే కాదు, అడుగు కూడా కిందికి పోతుంది. పారే నీరు ఇసుకను లేపేస్తుంది, స్తంభం అడ్డం ఉన్న చోట సుడి తిరిగి ఇంకా లోతుగా తవ్వేస్తుంది. వరద తగ్గాక ఇసుక మళ్లీ మేట వేసి ఏమీ జరగనట్టు ఉంటుంది. కాబట్టి ఎండాకాలంలో చూసిన అడుగును నమ్మి పునాది వేస్తే అంతే సంగతులు.

దీనికి మన దగ్గర వాడేది జెరాల్డ్ లేసీ సూత్రం. ఉత్తరాది కాలువల మీద పనిచేసిన ఇంజనీరు ఆయన. మీటరు వెడల్పుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు పారుతుందో చూసి, దాని వర్గాన్ని ఇసుక ముతకదనం సంఖ్యతో భాగించి, ఘనమూలం తీసి, 1.34తో గుణిస్తే సగటు కోత లోతు వస్తుంది. 1986 ఆగస్టు వరదకు లెక్కేద్దాం. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 99 వేల ఘనపు మీటర్లు. 2,700 మీటర్ల వెడల్పు అనుకుంటే మీటరుకు దాదాపు 37. ముతకదనం సంఖ్య 1 తీసుకుంటే సగటు కోత 15 మీటర్లకు దగ్గరగా వస్తుంది. స్తంభం దగ్గర దీన్ని రెట్టింపు చేయాలి, 30 మీటర్లు. దానికింద కనీసం మూడో వంతు పట్టు ఉండాలి, ఇంకో 10. మొత్తం గరిష్ఠ వరద మట్టం నుంచి 40 మీటర్ల లోతు. ఇది నేను మీకోసం వేసిన మోటు లెక్క, ఆ వంతెన డిజైన్ అంకె కాదు. ఏ స్థాయి లోతుల గురించి మాట్లాడుతున్నామో తెలియడానికి చెప్పాను. ప్రారంభమైన పన్నెండేళ్లకే వంతెనకు ఆ వరద ఎదురైంది. అప్పుడు లంకలు మునిగాయి, గట్లు తెగాయి, వంతెన నిలబడింది.

ఇదంతా జులై నుంచి అక్టోబరు దాకా ఆపేయాలి. ఎర్రనీళ్లు మొదలయ్యేలోగా చేతిలో ఉన్న బావులన్నీ కోత లోతు దాటి దిగాలి. సగం దిగిన బావి వరదలో చిక్కితే కింద పట్టు ఉండదు, పైన బరువు తక్కువ, ఒరిగిందంటే వరద పోయాక ఎత్తడానికి ఒక సీజన్ పోతుంది. కాబట్టి నవంబరులో ఎన్ని బావులు మొదలుపెట్టాలన్నది పెద్ద నిర్ణయం. ఆశపడి ఎక్కువ మొదలుపెడితే మే నెలలో అందరికీ నిద్ర ఉండదు. నేను పనిచేసిన ఒక సైట్‌లో కాంట్రాక్టరు బిల్లు కోసం అన్నీ ఒకేసారి మొదలుపెట్టించాడు. జూన్ దగ్గర పడేసరికి రెండు క్రేన్లు నాలుగు బావుల మధ్య పరుగులు పెట్టాయి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

లోతుకు చేరాక నీళ్లలోనే గొట్టం ద్వారా కాంక్రీటు పోసి అడుగు మూస్తారు, లోపల ఇసుక నింపుతారు, పైన మూత వేస్తారు, ఆ మూత మీద స్తంభం లేస్తుంది. ఒడ్డు నుంచి మనకు కనపడేది ఇక్కడి నుంచే.

ట్రస్సుల గురించి త్వరగా చెప్తాను. హేవలాక్‌కు 150 అడుగుల స్పాన్‌లు, దీనికి దాదాపు రెట్టింపు, 300 అడుగులు. డెబ్బై ఏళ్లలో ఉక్కు మెరుగైంది, అంతకంటే ముఖ్యంగా ఒక్కో బావి ఖరీదు పెరిగింది. ఒక పునాది ఖర్చు, ఒక స్పాన్ పై కట్టడం ఖర్చు సుమారు సమానమైన చోట వంతెన చవకగా వస్తుందని పాత సూత్రం. బావులు లోతైన కొద్దీ స్పాన్‌లు పెద్దవవుతాయి. ఆ కాలపు ట్రస్సుల్లో ముక్కలను కలిపేది రివెట్లు. ఎర్రగా కాల్చిన రివెట్‌ను రంధ్రంలో దూర్చి గాలి సుత్తితో తల కొడతారు, చల్లారి కుంచించుకుపోతూ రేకులను బిగిస్తుంది. ఎండకు ఉక్కు పెరగడానికి ఒక చివర కదిలే బేరింగ్, అంటే ట్రస్సును స్తంభం మీద మోసే ఆధారం, ఉంటుంది. 91.5 మీటర్ల స్పాన్ 40 డిగ్రీల తేడాకు 44 మిల్లీమీటర్లు సాగుతుంది. బస్సులో పోతుంటే పైన ప్రతి స్పాన్ చివరా వచ్చే ఆ కుదుపు ఈ ఖాళీదే.

ఆ కుదుపు దగ్గరే ఈ వంతెన అసలు బలహీనత ఉంది. రోడ్డు జాయింటు చెడితే మామూలు వంతెనలో నీళ్లు నదిలో పడతాయి. ఇక్కడ కింద రైలు ట్రస్సు మీద పడతాయి. వాన నీరు, దుమ్ము, నూనె అన్నీ కలిసి జాయింటు కింది ఉక్కు మీద చేరితే తుప్పు అక్కడే మొదలవుతుంది. పైగా రైలు వెళ్లినప్పుడల్లా ట్రస్సు అదురుతుంది, దానికి తగిలించిన రోడ్డు శ్లాబు కూడా అదురుతుంది, తారు నిలవదు. రోడ్డు గుంతలు పడిందని పత్రికల్లో ఏటా వార్తలు రావడానికి అవినీతి ఒక్కటే కారణం కాదు, ఈ కట్టడంలోనే ఆ ఇబ్బంది ఉంది. 2023లో మరమ్మతుల కోసం రోడ్డు కొన్నాళ్లు మూశారు. రాజమండ్రి దగ్గరే గోదావరి మీద 2015లో వచ్చిన, నాలుగు కిలోమీటర్లకు పైబడిన గామన్ రోడ్డు బ్రిడ్జి వైపు బరువు లారీలను మళ్లించడం నా లెక్కలో సరైన పని. దాన్ని ఇంకా గట్టిగా అమలు చేయాలి.

ఇంకెన్నాళ్లు అంటే, ఒక్క అంకె ఎవరూ చెప్పలేరు. హేవలాక్ కూలిపోయి మూతపడలేదు. 1997 దాకా దాదాపు వందేళ్లు రైలు నడిచి, వయసు మీద పడ్డాక ఆపారు. దాని లైను కోసం కట్టిందే పక్కనున్న ఆర్చ్ బ్రిడ్జి, 97.55 మీటర్ల కాంక్రీటు స్పాన్‌లు 28. రోడ్డు కం రైలు వంతెనలో మూడు భాగాలకు మూడు ఆయుష్షులు. బావులకు కోత తప్ప భయం లేదు, ప్రతి వరద తర్వాత స్తంభాల చుట్టూ లోతు కొలిచి చూస్తే చాలు. ట్రస్సులకు రంగు వేస్తూ, సుత్తితో తట్టి వదులైన రివెట్లు కనిపెట్టి మారుస్తూ ఉంటే హేవలాక్ అంత కాలం నడవొచ్చు. రోడ్డు శ్లాబు, జాయింట్లు మాత్రం తరానికోసారి పూర్తిగా మార్చాల్సిందే, అతుకులు వేస్తే సరిపోదు.

మీరు ప్రాజెక్టు రిపోర్టుకు ఫొటోలు కావాలన్నారు కదా. రైల్వే హద్దులోకి వెళ్లొద్దు, అనుమతి లేకుండా వంతెన ఎక్కొద్దు. కొవ్వూరు వైపు గోష్పాద క్షేత్రం రేవు దగ్గర పడవ వాళ్లను అడిగితే స్తంభాల దాకా తీసుకెళ్తారు. నీళ్లు తగ్గిన నెలల్లో వెళ్లండి, బావి మూత అంచులు బయటికి కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. ట్రస్సు చివర్ల కింద బేరింగ్‌లను జూమ్ చేసి తీయండి, ఒక స్తంభం మీద పక్కపక్కనే రెండు స్పాన్‌ల చివరలుంటాయి, ఏది కదిలేది, ఏది బిగించినది తేడా కనపడుతుంది. ఫొటోలు ఇక్కడ పెడితే నేను గుర్తులు వేసి చూపిస్తాను.